ఆమెను అడిగారా?

తెల్లారుతూండగా జయపురం బస్సు మిమ్మల్ని బోరిగుమ్మ కూడలిలో దింపి నవరంగపూర్ దారి పడుతుంది. చలికాలం. ఘాట్ ఎక్కి వచ్చిన లారీలు రోడ్డు పక్కన వరసగా ఆగి ఉన్నాయి. ఆంధ్రా నంబర్లవి కొన్ని, ఛత్తీస్‌గఢ్‌వి కొన్ని. క్లీనర్లు చితుకులు పోగేసి చలి కాచుకుంటున్నారు. మీరు నిలబడిన చోట రెండు జాతీయ రహదారులు కలుస్తాయి. విజయనగరం నుంచి సాలూరు, కొరాపుట్, జయపురం మీదుగా వచ్చే 26వ నంబరు రహదారి ఇక్కణ్నుంచి ఉత్తరంగా భవానీపట్నం వైపు పోతుంది. 63వ నంబరు రహదారి మన నిజామాబాద్, జగిత్యాల, మంచిర్యాల మీదుగా సాగి, బీజాపూర్ అడవులూ జగదల్‌పూర్, కోట్‌పాడ్‌లూ దాటి సరిగ్గా ఈ ఊళ్లో ముగుస్తుంది. ఈ దారుల్లో ఏది పట్టుకున్నా, ఆదివాసుల పేరు మీద దేశమంతా మోగిన వార్త ఒకటి ఎదురవుతుంది. ఆ వార్తల్లో ఆదివాసి గొంతు ఎంత వినిపించిందో చూద్దామనే మీరిక్కడ దిగారు.

కూడలిలో టీకొట్టు తెలుగువాళ్లది. తాతల నాడు బొబ్బిలి నుంచి వ్యాపారానికి వచ్చి స్థిరపడిన కుటుంబం. మీ చేతిలో నోటుబుక్కు చూసి యజమాని పలకరిస్తాడు.

"ఏటి బాబూ, పేపరోళ్లా?"

మీరు తల ఊపుతారు. ఆయన గాజు గ్లాసు ముందు పెట్టి, అప్పుడే వచ్చిన పేపర్ల కట్ట విప్పుతాడు. తెలుగు దినపత్రికల్లో ఒడిశా వార్తలకు విడిగా చోటుంటుంది. రాయగడ, గుణుపురం, కొరాపుట్, జయపురం డేట్‌లైన్లతో ముక్కలు వస్తుంటాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ నేల మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం ఏజెన్సీలో భాగం. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చేసిన దానం గురించి మనం ఇప్పటికీ చెప్పుకుంటాం. కనుక ఇక్కడి వార్తను పరాయి ఊరి వార్త అని తోసేయలేం.

ఒక వార్త చదవండి. రహదారి మీద లారీ ఢీకొని ఒక మహిళ చనిపోయింది. పది వాక్యాలు. కేసు నమోదు చేసిన పోలీసు అధికారికి పేరుంది. శవపరీక్ష చేసిన డాక్టరుకు పేరుంది. సంఘటన స్థలానికి వచ్చిన తహసీల్దారుకు పేరూ, హోదా రెండూ ఉన్నాయి. చనిపోయినావిడ మాత్రం 'గిరిజన మహిళ'. వయసు ఉజ్జాయింపు. ఆ వేళప్పుడు ఏ పని మీద రోడ్డు దాటుతోందో, ఇంట్లో ఎవరెవరున్నారో, ఆ మలుపులో అంతకుముందు ఎన్ని ప్రమాదాలు జరిగాయో లేదు. గ్రామస్థులు రోడ్డు మీద బైఠాయించడంతో రాకపోకలకు అంతరాయం కలిగిందని చివరి వాక్యం. ఎందుకు బైఠాయించారో వాళ్ల మాటగా ఒక్క ముక్క లేదు.

"ఆల ఊరోళ్లు మొన్న ఈ బల్ల మీదే కూకుని టీలు తాగినారు," అంటాడు కొట్టు యజమాని. "అడిగితే సెప్పరేటి బాబూ? అడిగినోడేడి?"

ఇలాంటి వార్త మీరు ఇప్పటికి ఎన్నోసార్లు చదివే ఉంటారు. పాడేరు డేట్‌లైన్‌తో, భద్రాచలం డేట్‌లైన్‌తో, ఉట్నూరు డేట్‌లైన్‌తో. కట్టు ఎక్కడైనా ఒకటే. అధికారి మాట్లాడతాడు, నాయకుడు ఖండిస్తాడు, ఆదివాసి చనిపోతాడు.

ఇవాళ సంత. ఎండ ఎక్కేసరికి చుట్టుపక్కల పల్లెల నుంచి జనం దిగుతారు. కొరాపుట్ జిల్లా జనాభాలో 2011 లెక్కల ప్రకారం సగానికి కాస్త పైగా షెడ్యూల్డు తెగలవాళ్లే. పరజా, భొత్తడా, గదబ, అమనాత్య, కోంధ్. వాళ్లతోపాటు డొంబులు, రాణాలు, మాలీలు. ఇన్ని జాతుల్నీ కలిపే మాట దేశియా. చింతపండు రాశులు, వలిసెలు, చోళ్లు, అల్లం, పసుపు, కుండలు. సాలూరు వైపు నుంచి వచ్చిన ఎండుచేపల గంపలు. ఒక మూల కోట్‌పాడ్ మిర్గాన్ నేతగాళ్ల బట్ట, ఆల్ చెట్టు వేరుతో అద్దిన ముదురెరుపు అంచుతో.

యాభై దాటిన ఒక పరజా మహిళ ముందు చింతపండు బుట్ట ఉంది. పక్కన సంచీలో ఫోను. ఒక కుర్రాడు కర్రకు సెల్‌ఫోను బిగించుకుని వచ్చాడు. యూట్యూబ్ చానల్ నడుపుతాడట. "అప్పా, బుట్ట నెత్తిన పెట్టుకుని ఒకసారి అట్నుంచి నడిచి రా" అంటాడు దేశియా, తెలుగు కలిపి. ఆవిడ లేచి, బుట్ట ఎత్తుకుని, నడిచి వస్తుంది. బాగా రాలేదని మళ్లీ నడిపిస్తాడు. ఫోనున్న సంచీ ఫ్రేములో పడకూడదని పక్కకు జరిపిస్తాడు. మూడోసారికి తృప్తిపడి వెళ్లిపోతాడు. ఎందుకు తీస్తున్నాడో చెప్పలేదు, పేరడగలేదు, చింతపండు ధరైనా అడగలేదు.

ఆవిడ మళ్లీ కూర్చుని, మధ్యలో ఆగిపోయిన మాట అందుకుంటుంది. ఎండుచేపల వ్యాపారి మీకు తెలుగులో చెబుతాడు. మాట ధాన్యం మండీ గురించి. ఎగువ కొలాబ్ కాలువ నీళ్లతో జయపురం, బోరిగుమ్మ, కోట్‌పాడ్ పొలాల్లో వరి పండుతుంది. పండిన ధాన్యం ప్రభుత్వ మండీకి తెస్తే, తేమ ఉందనో తాలు ఉందనో మిల్లరు మనుషులు క్వింటాలుకు కొన్ని కిలోలు తీసేస్తారు. దాన్ని ఒడిశాలో 'కట్నీ-ఛట్నీ' అంటారు. ఏటేటా రైతులు రోడ్డెక్కే గొడవ. టోకెను గడువు దాటితే గింజ తూయరు. ఎన్ని బస్తాలకు ఎంత పోయిందో ఆవిడ వేళ్ల మీద లెక్క చెబుతోంది. మండీలో ఎవరు నిలదీశారు, ఎవరు ఊరుకున్నారు, వచ్చే ఏడు ఏం చేయాలి, అన్నీ మాట్లాడుతోంది.

వార్త అక్కడుంది. లెక్కలతో సహా ఉంది. కెమెరా మూడడుగుల దూరంలో నిలబడి, బుట్ట తీసుకుని వెళ్లిపోయింది.

ఈ చూపు ఇవాళ పుట్టింది కాదు. మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం దగ్గరి ఒనకఢిల్లీ సంత విశాఖ వైపు వాళ్లకు బాగా తెలిసిందే. గురువారం గురువారం బొండాలు కొండ దిగి వస్తారు. వాళ్ల పూసల పేర్లు, మెడ కడియాలు ఫొటో తీయడానికి దేశదేశాల పర్యాటకులు కార్లు కట్టుకుని వచ్చేవారు. 2012 జనవరిలో అండమాన్ జారవా ఆడపిల్లల చేత పర్యాటకుల ముందు నాట్యం చేయించిన వీడియోను బ్రిటన్ పత్రిక 'అబ్జర్వర్' బయటపెట్టింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. బొండా కొండల్లో జరుగుతున్నదీ అదేనని అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. ఆ ఏడాదే ఒడిశా ప్రభుత్వం ఆదిమ తెగల పల్లెలకు పర్యాటకులు వెళ్లడం మీద, ఫొటోల మీద ఆంక్షలు పెట్టింది. మంచిదే. కానీ ఆ బొమ్మల్ని దశాబ్దాలపాటు సంచికల అట్టల మీద వేసి, క్యాలెండర్లలో అచ్చు గుద్ది, చూడ్డానికి రమ్మని లోకాన్ని పిలిచింది పత్రికలే కదా! ఆ సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

బోరిగుమ్మ నుంచి వెనక్కి జయపురం మీదుగా వెళితే పాత్రపుట్ అనే పల్లె వస్తుంది. కమలా పూజారి ఊరు. పరజా రైతు. బడికి వెళ్లలేదు. వందకు పైగా నాటు వరి రకాలను సేకరించి, పదిలపరచి, విత్తనాన్ని ఊరూరా మార్పిడి చేసిన మనిషి. జయపురంలోని స్వామినాథన్ పరిశోధన సంస్థతో కలిసి పనిచేసింది. 2002లో జొహానెస్‌బర్గ్‌లో అంతర్జాతీయ పురస్కారం, 2018లో ఒడిశా రాష్ట్ర ప్రణాళికా మండలిలో సభ్యత్వం, 2019లో పద్మశ్రీ. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కొరాపుట్ సేద్యానికి ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చిందంటే, దాని వెనుక ఇలాంటి ఆడవాళ్ల చేతులున్నాయి.

2022 ఆగస్టులో ఆవిడ మూత్రపిండాల జబ్బుతో కటక్‌లోని ఎస్సీబీ ఆస్పత్రిలో ఉంది. డెబ్బై దాటిన వయసు. సమాజసేవకురాలినని చెప్పుకునే ఒకామె వచ్చి, పాట పెట్టి, ఆవిడ చేత బలవంతంగా నాట్యం చేయించింది. మంచం పక్కన, ఆస్పత్రి గదిలో. వీడియో తీసి వదిలారు. మొదట అది ముచ్చటైన వీడియోగా ఊరేగింది. కోలుకున్న పద్మశ్రీ చిందేసిందని జనం పంచుకున్నారు. ఆవిడ ముఖంలో అలసటను చూసినవాళ్లు తక్కువ. తర్వాత విలేకరులు ఆవిడనే అడిగితే చెప్పింది. నాకు ఇష్టం లేదు, వద్దు వద్దన్నాను, వినలేదు, ఒంట్లో బాగాలేదు, అలసిపోయాను అని. కొరాపుట్‌లోని పరజా సంఘం వాళ్లు చర్య తీసుకోవాలని పట్టుబట్టారు. బద్ధకం వదిలించడానికే చేయించానని నాట్యం చేయించినామె సమాధానం ఇచ్చుకుంది.

ఈ ఉదంతాన్ని నేను మర్చిపోలేను. వరి విత్తనం గురించి వ్యవసాయ శాస్త్రవేత్తలకు చెప్పగల మనిషి. ప్రణాళికా మండలిలో కూర్చున్న మనిషి. ఆవిడ నోటి నుంచి విత్తనం మాట వినడానికి ఎన్ని చానళ్లు పాత్రపుట్ వచ్చాయి? గిరిజన మహిళ అంటే నాట్యం అని చదివే, చూసే జనానికి ఏళ్ల తరబడి నేర్పిందెవరు? మంత్రి వస్తే ధింసా, గవర్నరు వస్తే ధింసా, మొదటి పేజీలో రంగుల ఫొటో. ఆ ఫొటోకీ ఆస్పత్రి గదిలో జరిగినదానికీ దూరం లేదు. అయితే అదే ఉదంతంలో అసలైన జర్నలిజం కూడా ఉంది. విలేకరులు ఆమెను అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో ముచ్చటైన వీడియో అవమానంగా తేలింది. కమలా పూజారి 2024 జులై 20న కన్నుమూసింది.

తూర్పుగా రాయగడ జిల్లా కాశీపూర్ వెళదాం. 2001 ఆగస్టు. వానలు, తెగిన దారులు, ఖాళీ గాదెలు. పనసగుడ, బిలమాల్ పల్లెల్లో వరసగా చావులు. ఇరవై మందికి పైగా పోయారు. మామిడి టెంకల జీడి అంబలి తాగి చచ్చారని వార్త వచ్చింది. ఆ వెంటనే అధికార ప్రకటన వచ్చింది, అది ఆకలి చావు కాదు, వాళ్ల తిండి అలవాటు అని. చాలా పత్రికలు ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాశాయి. టెంకలు తినే గిరిజనులు అనే బొమ్మ దేశమంతా పాకింది.

ఆ పల్లెలో ఒక్క ముసలమ్మను అడిగినా సంగతి తెలిసేది. టెంకలు వేసవిలో ఏరి, ఎండబెట్టి, చూరు కింద దాస్తారు. జీడి తీసి దంచి, పిండిని బట్టలో మూట కట్టి పారే నీళ్లలో ఉంచుతారు, వగరూ చేదూ పోయేదాకా. తర్వాతే అంబలి. వానాకాలంలో చోళ్లు నిండుకుని, కొత్త పంట ఇంకా రాని రెండు నెలలకు అది ఆసరా తిండి. పాడేరు, పార్వతీపురం కొండల్లోనూ మనవాళ్లకు తెలిసిన తిండే. మామూలప్పుడు ప్రాణం నిలబెట్టేదే. బూజు పట్టిన జీడిని, సరిగా ఊరకముందే, వేరే దిక్కులేక తింటే చంపుతుంది. కనుక ప్రశ్న టెంక గురించి కాదు. దిక్కులేకుండా ఎందుకు పోయింది? రేషన్ బియ్యం ఉంటే కొనడానికి డబ్బు ఎందుకు లేదు? చావులకు ఎనిమిది నెలల ముందు, 2000 డిసెంబరు 16న, అదే కాశీపూర్ బ్లాకు మైకంచ్‌లో బాక్సైట్ ప్రాజెక్టు వద్దన్న ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. ఒకే బ్లాకులో భూమి గొడవ, ఆకలి గొడవ. రెండింటినీ కలిపి రాసినవాళ్లు వేళ్ల మీద లెక్కించేంతమంది. 2024లో కంధమాల్ జిల్లాలో మళ్లీ టెంక అంబలి తాగి ఆడవాళ్లు చనిపోయారు. మళ్లీ అలవాటు మాటే వినిపించింది.

ఇవన్నీ తెలిశాక, రాసేవాళ్లందరూ ఇలాంటివాళ్లేనని మీకు కోపం రావచ్చు. కానీ ఈ కొరాపుట్ మట్టిలోనే వేరే రకం రాత కూడా పుట్టింది. వి.వి.గిరి మనవడు పాలగుమ్మి సాయినాథ్ 1990లలో దేశంలోని నిరుపేద జిల్లాలు పట్టుకుని తిరిగాడు, కొరాపుట్, మల్కనగిరి సహా. సునాబెడ దగ్గర చికాపార్ అనే ఊరిని మొదట మిగ్ విమానాల కర్మాగారం కోసం ఖాళీ చేయించారు. వాళ్లు కొత్త చోట పాత పేరుతోనే ఊరు కట్టుకుంటే, దాన్నీ ఖాళీ చేయించారు. మూడోసారికీ నోటీసులు వచ్చాయి. ఆ కథ ఆయన పుస్తకంలో ఊరివాళ్ల నోటి మాటగా ఉంటుంది. వానలో మూటాముల్లె నెత్తిన పెట్టుకుని అడవి దాటిన రాత్రి గురించి గదబ ఆడమనిషే చెబుతుంది. పుస్తకం 1996లో వచ్చింది. జర్నలిజం విద్యార్థులు ఇప్పటికీ చదువుతున్నారు. ఆయనకు ప్రత్యేకంగా దొరికిన రహస్య పత్రాలేమీ లేవు. ఊళ్లో ఉండి, అడిగి, విని రాశాడు.

మధ్యాహ్నం కూడలికి తిరిగి వచ్చి, ఉత్తరం దారి చూడండి. ఆ దారిలోనే భవానీపట్నం. 2016 ఆగస్టులో అక్కడి జిల్లా ఆస్పత్రిలో భార్య క్షయతో చనిపోతే, శవాన్ని బట్టలో చుట్టి భుజానికెత్తుకుని, పన్నెండేళ్ల కూతురుతో కలిసి ఒక ఆదివాసి ఊరి దారి పట్టాడు. పది కిలోమీటర్లు నడిచాక స్థానిక టీవీ విలేకరులు చూశారు. వాళ్లు చిత్రీకరించారు, కలెక్టరుకు ఫోను చేశారు, అంబులెన్సు తెప్పించారు. ఆ స్థానిక విలేకరులు చేయవలసింది చేశారనే నేను అంటాను. ఆ తర్వాత జరిగింది వేరు. ఏడుస్తున్న పిల్ల ముఖం ప్రపంచమంతా తిరిగింది. ఆ ముఖాన్ని కప్పాలని ఎందరికి తోచింది? విరాళాలు వచ్చాక చానళ్లు ఏళ్ల తరబడి ఆ ఇంటి చుట్టూ తిరిగాయి. ఎంత డబ్బు వచ్చింది, ఏం బండి కొన్నాడు, మళ్లీ పెళ్లి చేసుకున్నాడా, ఇల్లు కట్టాడా. ఆయన పేరు లోకానికంతా తెలుసు. నేనిక్కడ రాయను. ఆ ఇంటి మీద పడిన వెలుగు ఇప్పటికే ఎక్కువైంది. ఆ ఆస్పత్రి నుంచి ఆ తర్వాత శవాలు ఎలా వెళుతున్నాయో, క్షయ మందులు కొండ మీదికి చేరుతున్నాయో లేదో కనుక్కోవడానికి మాత్రం అంతమంది వెళ్లలేదు.

తెలుగు మీడియా సంగతికే వద్దాం. 2011 ఫిబ్రవరి 16న మల్కనగిరి కలెక్టరు వినీల్ కృష్ణను మావోయిస్టులు ఎత్తుకుపోయారు. ఆయన తెలుగువారు. ప్రొఫెసర్ హరగోపాల్ మధ్యవర్తిగా వెళ్లారు. 24న విడుదలయ్యేదాకా తెలుగు చానళ్లు కళ్లప్పగించి కూర్చున్నాయి. కలెక్టరు మంచి అధికారి, ఆదివాసులే ఆయన కోసం ఊరేగింపులు తీశారు. ఆయన ప్రాణం కోసం తపించడంలో తప్పేముంది! కానీ ఆయనతోపాటే ఒక జూనియర్ ఇంజనీరును కూడా పట్టుకుపోయారు, పవిత్ర మాఝి. తెలుగు పాఠకుల్లో ఆ పేరు ఎంతమందికి తెలుసు? బలిమెల జలాశయం ఆంధ్రా, ఒడిశాల ఉమ్మడి ప్రాజెక్టు. ఆ నీళ్ల వల్ల దాదాపు 150 పల్లెలు దశాబ్దాలపాటు బయటి లోకానికి తెగిపోయి ఉన్నాయి. కలెక్టరు అపహరణకు గురైంది ఆ ప్రాంతంలోనే. గురుప్రియ వంతెన 2018 జులై 26న గానీ తెరుచుకోలేదు. ఎనిమిది రోజుల ప్రత్యక్ష ప్రసారంలో ఆ వంతెన ఎందుకు లేదన్న ప్రశ్నకు ఎంత సమయం దక్కింది?

కొటియా మరో ఉదాహరణ. కొరాపుట్ జిల్లా పొట్టంగి, మన సాలూరు మధ్య ఇరవై ఒక్క కోంధ్ పల్లెలు. 1968లో సుప్రీంకోర్టుకెక్కిన తగవు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా మళ్లీ కోర్టుకెళ్లింది. ఒడియా చానళ్లు మా కొటియా అన్నాయి, తెలుగు చానళ్లు మా కొటియా అన్నాయి. రెండు వైపులా గొట్టాల ముందు మాట్లాడింది నాయకులు, అధికారులు. కొండ మీది వాళ్లు రెండు రేషన్ కార్డులు, రెండు ఓట్లు ఉన్న జనంగా మాత్రమే కథలో కనిపించారు. ఆ భూమికి పట్టా ఎవరివ్వాలి, పిల్లలు ఏ భాషలో చదవాలి, అడవి హక్కు ఎవరి దగ్గర రాయించుకోవాలి అన్నవి వాళ్ల బతుకు ప్రశ్నలు. అవి అడగడానికి కొండ ఎక్కాలి.

కొండ ఎక్కవలసినవాడు ఇప్పుడు టీకొట్టుకు వచ్చి మీ పక్కనే కూర్చున్నాడు. ఇక్కడి విలేకరి. నెల జీతం లేదు. అచ్చయిన వార్తకు లైన్ అకౌంట్ పేరిట వచ్చే కొద్ది మొత్తం, దానికి తోడు ప్రకటనల టార్గెట్. పెట్రోలు తన జేబులోది. పొద్దున కొండ మీదికి పోయి వివరాలు రాసి పంపితే డెస్కులో నాలుగు వాక్యాలకు కోసేస్తారు. గంజాయి పట్టివేత, నాట్యం ఫొటో అయితే వెంటనే పడతాయి. "ఏటి సేస్తం బాబూ, ఆళ్లడిగినదే పంపుతం" అంటాడు. అతని మాటలో నిజముంది. పూర్తి నేరం అతని మీద వేయడం అన్యాయం. వార్తలో ఎవరుండాలో నిర్ణయించేది విశాఖలో, హైదరాబాద్‌లో, భువనేశ్వర్‌లో కూర్చున్న బల్లలు. ఆ బల్లల చుట్టూ ఎవరున్నారు? 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి దేశంలో 121 మంది వార్తా సంస్థల పెద్దల లెక్క తీశాయి. 106 మంది అగ్రకులాలవాళ్లు. షెడ్యూల్డు కులాల నుంచి, తెగల నుంచి ఒక్కరూ లేరు.

పడమటి దారి సంగతీ వినాలి. అక్కడ అడిగినవాళ్లకు ఏం జరిగింది? బస్తర్‌లో దర్భా దగ్గర సోమారు నాగ్ అనే ఆదివాసి విలేకరిని 2015లో మావోయిస్టు సాయం కేసులో జైల్లో పెట్టారు. ఏడాది తర్వాత కోర్టు నిర్దోషి అని వదిలేసింది. బీజాపూర్‌లో ముకేశ్ చంద్రాకర్ 'బస్తర్ జంక్షన్' పేరుతో యూట్యూబ్ చానల్ నడిపేవాడు. రోడ్డు పనిలో అవినీతి మీద కథనంలో పాలుపంచుకున్నాడు. 2025 జనవరి 1న కనిపించకుండా పోయాడు. 3న అతని శవం సెప్టిక్ ట్యాంకులో దొరికింది. 63వ నంబరు రహదారి బీజాపూర్ మీదుగానే మీరు నిలబడిన ఈ కూడలికి వస్తుంది. అడవిలో వార్త రాసేవాడికి పట్నం పత్రిక ఇచ్చే రక్షణ ఎంతో ఆ శవం చెప్పింది. కొండ మీది గొంతు వినిపించాలని డెస్కు నిజంగా అనుకుంటే, వినిపించేవాడికి జీతం, గుర్తింపు కార్డు, లాయరు ఇవ్వాలి.

అడగకుండా రాయడం మన దేశపు జబ్బు మాత్రమే కాదు. 1967లో అమెరికా నగరాలు జాతి అల్లర్లతో తగలబడితే, అధ్యక్షుడు జాన్సన్ వేసిన కెర్నర్ కమిషన్ మరుసటి ఏడు ఇచ్చిన నివేదికలో ఒక అధ్యాయం పత్రికల మీదే రాసింది. నల్లవాళ్ల బతుకును పత్రికలు తెల్లవాళ్ల కళ్లతోనే చూస్తున్నాయని తేల్చింది. వార్తలు రాసే, దిద్దే ఉద్యోగాల్లో నల్లవాళ్లు 5 శాతం కూడా లేరని లెక్క చెప్పింది. 2020 డిసెంబరులో 'కాన్సస్ సిటీ స్టార్' పత్రిక 140 ఏళ్ల తన పాత సంచికలను తానే తిరగేసి, నల్లజాతివాళ్ల విషయంలో చేసిన తప్పుల్ని వరస కథనాలుగా అచ్చువేసి క్షమాపణ చెప్పింది. అందులో ఒకటి 1977 వరద. 25 మంది చనిపోతే, వాళ్లలో ఎనిమిది మంది నల్లవాళ్లయితే, పత్రిక దృష్టి ఖరీదైన దుకాణాల నష్టం మీద నిలిచింది. ఆ పరిశీలన జరగాలని మొదట అడిగింది అదే పత్రికలోని ఒక నల్లజాతి విలేకరి. ఆమె న్యూస్‌రూమ్‌లో ఉంది గనుకే ఆ ప్రశ్న పుట్టింది.

మళ్లీ ఇక్కడికే వస్తే, కొరాపుట్‌లో రేడియో ధింసా అనే కమ్యూనిటీ రేడియో ఉంది. స్థానికులే స్థానిక మాటలో మాట్లాడతారు. పంట, జబ్బు, బడి, పథకం. ఆదివాసులకు మాట్లాడడం రాదనేవాళ్లు ఒకసారి వినాలి.

తెలుగు సంపాదకులకు నా విన్నపం ఇది. కాశీపూర్ మీద, మైకంచ్ మీద, మల్కనగిరి మీద మీ పాత సంచికల్లో ఏం రాశారో బయటికి తీయండి. ఎన్ని వార్తల్లో ఆదివాసి తన మాట తాను చెప్పాడో లెక్కపెట్టి, ఆ లెక్క అచ్చువేయండి. కొరాపుట్, రాయగడ, పాడేరు, ఉట్నూరులలో చదువుకున్న ఆదివాసి యువతీయువకులు ఉన్నారు. వాళ్లను లైన్ అకౌంట్ మీద కాకుండా జీతం మీద, జిల్లా కేంద్రంలోనే కాకుండా డెస్కులో కూడా పెట్టుకోండి. బాధితుల ముఖం, పిల్లల ముఖం వేసేముందు వాళ్ల అనుమతి తీసుకోండి, ఆ ఫొటో ఎక్కడెక్కడికి వెళుతుందో వాళ్లకు అర్థమయ్యే మాటలో చెప్పి మరీ తీసుకోండి.

చదివేవాళ్లూ ఊరుకోవద్దు. రేపు మీ పేపర్లో 'గిరిజన మహిళ' అని పేరులేని వార్త కనిపిస్తే, ఆమెనో ఆమె ఇంటివాళ్లనో అడిగారా అని సంపాదకుడికి ఒక ఉత్తరం రాయండి. జవాబు రాకపోతే మళ్లీ రాయండి.